జన్యు రక్తవ్యాధులకు దాత మూలకణాలు: క్యాన్సర్ లెక్కలు ఇక్కడ ఎందుకు సరిపోవు

సంక్షిప్తంగా: తలసీమియా, సికిల్ సెల్ వంటి వ్యాధుల మూలం రక్తంలో లేదు, రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో ఉంది. వాటి స్థానంలో దాత మూలకణాలు నిలదొక్కుకుంటే జబ్బు పోతుంది. అయితే ఆ కణాలతో పాటు దాత రోగనిరోధక వ్యవస్థ కూడా వస్తుంది. రక్త క్యాన్సర్‌లో దాని దూకుడు కొంత మేలు చేస్తుంది. జన్యు రక్తవ్యాధుల్లో అది కేవలం నష్టమే. దాత ఎంపిక, మందుల మోతాదు, చికిత్స చేసే వయసు అన్నీ ప్రధానంగా ఈ తేడా మీదే ఆధారపడతాయి.

ఎముక మూలుగ మార్పిడి అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది రక్త క్యాన్సర్. అందుకే తలసీమియా ఉన్న బిడ్డకు ఈ చికిత్స సూచించినప్పుడు రెండు రకాల అపోహలు కలుగుతాయి. ఇది అన్ని దారులూ మూసుకుపోయాక చేసే ఆఖరి ప్రయత్నమని కొందరు భయపడతారు. మంచి మూలుగ ఒకసారి ఎక్కిస్తే చాలు, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని మరికొందరు నమ్ముతారు. నిజానికి జబ్బు శరీరాన్ని ఇంకా పాడుచేయకముందు చేసినప్పుడే దీని ఫలితం బాగుంటుంది. ఆడుతూ పాడుతూ తిరుగుతున్న బిడ్డను ప్రాణాపాయం ఉన్న చికిత్సకు ఎందుకు పంపాలన్న ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఈ చికిత్స లోపల జరిగేదేమిటో తెలియాలి.

లోపం రక్తంలో కాదు, తయారీలో

రక్తకణాలన్నీ మూలుగలోని మూలకణాల నుంచే పుడతాయి. ఎర్ర కణం సుమారు 120 రోజులు బతికి నశిస్తుంది. మూలకణం మాత్రం తనలాంటి కణాలను తయారుచేసుకుంటూ జీవితాంతం ఉత్పత్తి సాగిస్తుంది. బీటా తలసీమియా తీవ్రరూపంలో, 11వ క్రోమోజోము మీద ఉండే బీటా గ్లోబిన్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా దెబ్బతిన్న రూపంలోనే వస్తుంది. హీమోగ్లోబిన్‌కు కావలసిన ఒక గొలుసు తయారవదు, లేదా చాలా తక్కువగా తయారవుతుంది. సికిల్ సెల్ వ్యాధిలో అదే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. ఆ చిన్న మార్పు వల్ల, ఆక్సిజన్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా గట్టిపడతాయి. ఎర్ర కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది.

తలసీమియా పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. దాంతో ప్రాణం నిలుస్తుంది కానీ లోపం అలాగే ఉంటుంది. పైగా ఎక్కించిన ఒక్కో యూనిట్ ఎర్ర కణాలతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. శరీరం నుంచి సహజంగా బయటకు పోయేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలినది కాలేయంలో, గుండెలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని బయటకు పంపే చెలేషన్ మందులను ఏళ్ల తరబడి మానకుండా వాడాలి.

మూలకణాలనే మార్చడం అంటే ఈ చక్రాన్ని మొదట్లోనే ఆపడం. రోగి విషయంలో ఇది శస్త్రచికిత్స కూడా కాదు. దాత కణాలను సిరలోకి డ్రిప్ ద్వారా ఎక్కిస్తారు. మూలుగ నుంచి వెలువడే రసాయన సంకేతాలను అందుకుని అవి తమ చోటికి తామే చేరుకుంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త తెల్ల కణాలు రక్తంలో కనిపించడం మొదలవుతుంది.

పుట్టుకతో వచ్చే రక్త సంబంధ వ్యాధులన్నిటికీ ఈ దారి వర్తించదు. హీమోఫీలియాలో లోపించే గడ్డకట్టే ఫ్యాక్టర్ తయారయ్యేది ప్రధానంగా కాలేయంలో, కాబట్టి మూలుగను మార్చినా ప్రయోజనం ఉండదు. తలసీమియా, సికిల్ సెల్, ఫాంకోనీ రక్తహీనత, విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్, తీవ్ర రోగనిరోధక లోపమైన స్కిడ్ వంటివాటిలో లోపం మూలకణం నుంచే కిందికి పారుతుంది. ఈ చికిత్స పనిచేసేది అలాంటి చోటనే.

రెండు వైపుల నుంచీ తిరస్కారం

మూత్రపిండం మార్పిడిలో ప్రధానమైన భయం ఒకటే: శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించవచ్చు. మూలుగ మార్పిడిలో ఆ భయం ఉంది, దానికి ఎదురు దిశలో మరొకటి కూడా ఉంది. దాత మూలుగలో పరిపక్వమైన టీ కణాలు ఉంటాయి. సొంత కణాలేవో పరాయి కణాలేవో గుర్తుపట్టడమే వాటి పని. కొత్త శరీరంలోకి వచ్చాక చర్మం, పేగులు, కాలేయం అన్నీ వాటికి పరాయివే. అవి చేసే దాడినే జీవీహెచ్‌డీ (గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ డిసీజ్) అంటారు. తొలి నెలల్లో దద్దుర్లు, విరేచనాలు, కామెర్లతో ఇది బయటపడవచ్చు. దీర్ఘకాలిక రూపంలో చర్మం బిగుసుకుపోవడం, కళ్లు నోరు ఎండిపోవడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం వరకూ వెళ్లవచ్చు.

క్యాన్సర్ రోగులకు చేసే మార్పిడికీ దీనికీ దారులు విడిపోయేది ఇక్కడే. రక్త క్యాన్సర్‌లో దాత టీ కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా పరాయివిగా గుర్తించి చంపుతాయి. అందువల్ల కొద్దిపాటి జీవీహెచ్‌డీ వచ్చినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంటుంది. వైద్యులు ఆ దాడిని పూర్తిగా అణచివేయడానికి అక్కడ వెనకాడతారు. తలసీమియాలో చంపవలసిన క్యాన్సర్ కణాలేవీ లేవు. జీవీహెచ్‌డీ ఎంత వస్తే అంత నష్టం. ఒక చేతి బాధ తీసి మరో చేతికి పెట్టినట్టవుతుంది. అందుకే జన్యు వ్యాధుల్లో సాధారణంగా రక్తం నుంచి వేరుచేసిన మూలకణాల కంటే తుంటి ఎముక నుంచి తీసిన మూలుగకే మొగ్గు చూపుతారు. రక్తం నుంచి సేకరించినప్పుడు టీ కణాలు చాలా ఎక్కువగా వస్తాయి, దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ముప్పు పెరుగుతుంది.

మూత్రపిండంతో పోలిస్తే ఒక ఊరట కూడా ఉంది. అక్కడ రోగనిరోధకతను అణిచే మందులు సాధారణంగా జీవితాంతం వాడాలి. ఇక్కడ కొత్త రోగనిరోధక వ్యవస్థ ఆ శరీరంలోనే పెరిగి, దాన్ని తనదిగా నేర్చుకుంటుంది. జీవీహెచ్‌డీ రాకపోతే ఆ మందులను క్రమంగా తగ్గించి, చాలామందిలో ఏడాది అటూ ఇటూగా పూర్తిగా ఆపేస్తారు. చిన్నప్పుడు వేయించిన టీకాల రక్షణ మాత్రం చాలావరకు పోతుంది, వాటిని మళ్లీ మొదటి నుంచి వేయించాలి.

పాత మూలుగకు చోటు ఖాళీ చేయించడం

దాత కణాలను ఎక్కించే ముందు రోగి మూలుగను మందులతో తొలగించాలి. దీన్ని కండిషనింగ్ అంటారు. ఈ దశ ఏ జబ్బుకు ఎలా మారుతుందో చూస్తే చికిత్స తర్కం స్పష్టంగా తెలుస్తుంది.

స్కిడ్ శిశువుల్లో పరాయి కణాలను ఎదిరించే టీ కణాలే ఉండవు. అందుకే కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా సరిపోలిన తోబుట్టువు ఉన్నప్పుడు, కండిషనింగ్ లేకుండానే మార్పిడి చేయగలుగుతారు. కవల కాని తోబుట్టువు మూలుగతో దీర్ఘకాలం నిలిచిన తొలి విజయం 1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ బృందానికి దక్కింది. అది ఇలాంటి రోగనిరోధక లోపం ఉన్న శిశువులోనే. ఈ చికిత్సను క్యాన్సర్ వైద్యంగానే చూసే అలవాటున్నవారికి ఈ సంగతి కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఫాంకోనీ రక్తహీనతలో సమస్య తలకిందులుగా ఉంటుంది. ఈ రోగుల కణాలు డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను సరిచేసుకోలేవు. మిగతావారు తట్టుకునే కీమోథెరపీ మోతాదు వీరికి ప్రాణాంతకం. మోతాదును బాగా తగ్గించే పద్ధతిని పారిస్‌లో ఎలియాన్ గ్లూక్‌మన్ బృందం రూపొందించింది. ప్రపంచంలో తొలి బొడ్డుతాడు రక్త మార్పిడిని 1988లో చేసింది కూడా ఈ బృందమే, అదీ ఫాంకోనీ ఉన్న బాలుడికి, అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో.

తలసీమియాలో రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటుంది. మూలుగ ఖాళీగా లేదు సరికదా, పనికిరాని ఎర్ర కణాలను రాత్రింబవళ్లు తయారుచేస్తూ కిక్కిరిసి ఉంటుంది. దానికి తోడు ఏళ్లుగా ఎక్కించిన రక్తం వల్ల పరాయి కణాలను గుర్తించడంలో శరీరం ముందే ఆరితేరి ఉంటుంది. క్యాన్సర్ రోగికి అప్పటికే జరిగిన కీమోథెరపీ రోగనిరోధకతను బలహీనపరచి ఉంటుంది, ఇక్కడ ఆ సౌలభ్యం లేదు. ఫలితంగా దాత కణాలను శరీరం తిరస్కరించే ముప్పు తలసీమియాలో ఎక్కువ. బుసల్ఫాన్ లేదా ట్రియోసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ లేదా ఫ్లూడరాబిన్ అనే కీమోథెరపీ మందులు, వీటికి తోడు టీ కణాలను అణిచే యాంటీబాడీలు కలిపి గట్టిగా ఇవ్వవలసి వస్తుంది. ఇనుముతో అప్పటికే నలిగిన కాలేయం ఆ మందుల భారాన్ని కూడా మోయాలి.

ఈ కారణంగానే ఒక జాగ్రత్తను వైద్యులు నొక్కి చెబుతారు: మార్పిడి ఆలోచన ఉన్న బిడ్డకు తల్లిదండ్రులు, తోబుట్టువుల రక్తం ఎక్కించకూడదు. ప్రేమతో ఇచ్చిన ఆ రక్తం, రేపు దాత కాగల వ్యక్తికి వ్యతిరేకంగా శరీరాన్ని ముందే సిద్ధం చేస్తుంది. ఎక్కించే రక్తంలోంచి తెల్ల కణాలను వడపోయడం కూడా ఇందుకు ఉపయోగపడుతుంది.

దాత దొరికే అవకాశం ఎంత?

దాతకూ రోగికీ సరిపోలవలసింది రక్తం గ్రూపు కాదు, హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల గుర్తులు. వీటి తొలి ఆవిష్కరణ 1958లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ దోసేది. రక్తం గ్రూపులు వేరైనా మార్పిడి చేయవచ్చు. కాలక్రమంలో రోగి గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోము మీద గుంపుగా ఉండి, సాధారణంగా ఒకే మూటగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు చేరతాయి. కాబట్టి ఒక తోబుట్టువుతో పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒకటి. అయితే జన్యు వ్యాధిలో ఆ తోబుట్టువుకు అదే జబ్బు లేకుండా కూడా ఉండాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైన (రెండు ప్రతుల్లో ఒకటే దెబ్బతిని, తీవ్రమైన జబ్బు లేని) కుటుంబంలో ఆ అవకాశం నాలుగింట మూడు. బీటా గ్లోబిన్ జన్యువు వేరే క్రోమోజోము మీద ఉన్నందున ఈ రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడవు. రెండింటినీ గుణిస్తే ఒక్కో తోబుట్టువు తగిన దాత అయ్యే అవకాశం 16లో 3, అంటే 19 శాతానికి కాస్త తక్కువ. ఇద్దరు తోబుట్టువులున్నా అది సుమారు 34 శాతమే. తోబుట్టువు వాహకుడైతే దానం చేయకూడదన్న అపోహ ఒకటుంది, అది సరికాదు. తలసీమియా వాహకులు, సికిల్ సెల్ వాహకులు దాతలుగా పనికొస్తారు. మార్పిడి తర్వాత రోగి కూడా వాహకుడిలాంటి రక్తంతో మామూలుగా జీవిస్తాడు.

కుటుంబంలో దాత లేకపోతే, స్వచ్ఛంద దాతల పేర్లు నమోదుచేసే రిజిస్ట్రీలు ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా దాతలు నమోదై ఉన్నారు. సంఖ్య పెద్దదే, కానీ అందరికీ సమానంగా అక్కరకు రాదు. హెచ్‌ఎల్‌ఏ గుర్తులు వంశమూలాలను బట్టి మారుతాయి, రిజిస్ట్రీల్లో ఐరోపా మూలాలవారు ఎక్కువ. అమెరికా రిజిస్ట్రీపై 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఐరోపా సంతతివారికి పూర్తిగా సరిపోలిన దాత దొరికే అవకాశం 75 శాతం ఉండగా, కొన్ని నల్లజాతి సమూహాలకు అది 16 శాతానికి పరిమితం. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా పీడించేది ఆఫ్రికా మూలాలున్నవారినే. అవసరం ఎక్కువున్నవారికే దాత కొరత ఉండటం ఈ రంగంలోని అతిపెద్ద అన్యాయం.

ఆ కొరతకు ప్రస్తుతం కనిపిస్తున్న ప్రధాన సమాధానం సగం సరిపోలిన దాత. తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో ఎప్పుడూ సగం సరిపోలతారు. ఒకప్పుడు ఇలాంటి మార్పిడి తీవ్రమైన జీవీహెచ్‌డీకి దారితీసేది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అభివృద్ధి చేసిన పద్ధతిలో మార్పిడి జరిగిన మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. కొత్త శరీరంపై దాడికి సిద్ధమవుతున్న టీ కణాలు ఆ సమయానికి వేగంగా విభజన చెందుతూ ఉంటాయి కాబట్టి ఆ మందుకు ఎక్కువగా బలవుతాయి. మూలకణాల్లో ఆ మందును నిర్వీర్యం చేసే ఎంజైము పుష్కలంగా ఉండటం వల్ల అవి తప్పించుకుంటాయి. మందు పాతదే, ఇచ్చే వేళలోనే ఉంది నేర్పంతా. ఈ పద్ధతిలోనూ తిరస్కారం ముప్పు సరిపోలిన తోబుట్టువుతో పోలిస్తే ఎక్కువే. దాత గుర్తులకు వ్యతిరేకంగా రోగి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో ముందుగా పరీక్షించడం తప్పనిసరి.

పూర్తిగా మారకపోయినా చాలు

క్యాన్సర్‌తో మరో ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ పాత కణాలు మిగిలాయంటే జబ్బు మిగిలినట్టే కావచ్చు. ఇక్కడ దాత కణాలూ సొంత కణాలూ కలిసి స్థిరంగా ఉన్నా జబ్బు లక్షణాలు పోవచ్చు. సికిల్ సెల్ రోగుల్లో మూలుగలో దాత వాటా 20 శాతం ఉన్నా సరిపోతుందని పరిశీలనలు చూపాయి. వ్యాధిగ్రస్త ఎర్ర కణం 10 నుంచి 20 రోజుల్లో నశిస్తే, దాత నుంచి వచ్చినది 120 రోజులు నిలుస్తుంది. అందువల్ల మూలుగలో ఐదింట ఒక వంతు ఉన్న దాత కణాలే రక్తంలోని ఎర్ర కణాల్లో అత్యధిక భాగాన్ని ఆక్రమిస్తాయి.

ఈ అవగాహన పెద్ద వయసు రోగులకు దారి తెరిచింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో తక్కువ మోతాదు రేడియేషన్, రోగనిరోధకతను అణిచే అలెంటుజుమాబ్, సిరోలిమస్ మందులు మాత్రమే వాడి, సరిపోలిన తోబుట్టువుల కణాలతో 30 మందికి మార్పిడి చేశారు. 2014లో ప్రచురితమైన ఫలితాల్లో 26 మందిలో దాత కణాలు స్థిరంగా నిలిచాయి, ఎవరికీ జీవీహెచ్‌డీ రాలేదు. కఠినమైన కీమోథెరపీని తట్టుకోలేనంతగా అవయవాలు దెబ్బతిన్నవారికి ఇది మునుపు లేని అవకాశం.

ఎప్పుడు చేయాలి?

తలసీమియాకు తొలి విజయవంతమైన మార్పిడి 1981 డిసెంబరులో సియాటిల్‌లో డొనాల్ థామస్ బృందం చేసింది. థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. ఇటలీలోని పెసారోలో గ్విడో లుకరెల్లి అదే కాలంలో మొదలుపెట్టి వందల మంది రోగులకు ఈ చికిత్స చేశారు. కాలేయం పెరిగిందా, అందులో మచ్చలు కట్టాయా, చెలేషన్ సక్రమంగా జరిగిందా అన్న మూడు ప్రశ్నలతో పిల్లలను మూడు తరగతులుగా విభజించారు. ఈ మూడు సమస్యలూ లేనివారిలో ఫలితాలు బాగుండగా, మూడూ ఉన్నవారిలో మరణాలు చాలా ఎక్కువగా ఉండేవి. చికిత్స ఫలితాన్ని మార్పిడి రోజున కాక, అంతకు ముందు ఏళ్లలో బిడ్డకు అందిన సంరక్షణ నిర్ణయిస్తుందని అలా తేలింది.

తర్వాతి సమాచారమూ అదే చెబుతోంది. 2016లో ప్రచురితమైన యూరోపియన్ రిజిస్ట్రీ విశ్లేషణలో 1,493 మంది తలసీమియా రోగుల్లో రెండేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు 88 శాతం. ఫలితాలు దిగజారడం మొదలయ్యే వయసు సుమారు 14 ఏళ్లు. సికిల్ సెల్‌కు సంబంధించి, సరిపోలిన తోబుట్టువుల నుంచి మార్పిడి పొందిన 1,000 మందిపై 2017లో వచ్చిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం ఐదేళ్ల జీవనశాతం దాదాపు 93. అక్కడా వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గింది.

93 శాతం అన్న అంకెను రెండు వైపుల నుంచీ చూడాలి. మిగిలిన ఏడు శాతం కూడా ఒక్కో కుటుంబం కోల్పోయిన మనిషే. తలసీమియా తీవ్రరూపంలో జీవితాంతం రక్తం ఎక్కించుకోక తప్పదని ముందే తెలుసు కాబట్టి తూకం వేయడం కొంత సులువు. సికిల్ సెల్ అలా కాదు. ఒకరికి చిన్నతనంలోనే పక్షవాతం రావచ్చు, మరొకరు హైడ్రాక్సీయూరియా అనే మందుతో దశాబ్దాలు నెట్టుకురావచ్చు. ఎవరి జబ్బు ఎటు తిరుగుతుందో ముందే తేల్చడం కష్టం. మెదడు రక్తనాళాల డాప్లర్ పరీక్ష వంటివి కొంత సూచన ఇస్తాయి. తీవ్రత స్పష్టమయ్యేదాకా ఆగితే అవయవాలు దెబ్బతింటాయి. ముందే చేస్తే, తేలికపాటి జబ్బుతో బతికే వ్యక్తిని ముప్పులోకి నెట్టే అవకాశం ఉంది. ఈ చిక్కుకు అందరికీ వర్తించే ఒకే జవాబు లేదు.

దానం చేసేది చిన్నపిల్ల అయినప్పుడు మరో చిక్కు ఉంటుంది. మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారు. తీసిన మూలుగ కొన్ని వారాల్లో తిరిగి తయారవుతుంది, నొప్పి కొద్ది రోజులు ఉంటుంది. ప్రమాదం చాలా తక్కువే అయినా, ఆ బిడ్డ తనంతట తాను సమ్మతి ఇవ్వగల వయసులో ఉండదు. తల్లిదండ్రుల మనసంతా జబ్బుపడిన బిడ్డ మీదే ఉంటుంది. అందుకే దాత బిడ్డను పరీక్షించి, ఆమె తరఫున మాట్లాడే వైద్యుడు రోగి వైద్య బృందానికి బయటి వ్యక్తిగా ఉండటం ఎంతో అవసరం.

నయమయ్యాక మిగిలేవి

మార్పిడి విజయవంతమైనా ఇదివరకే పేరుకున్న ఇనుము మాయం కాదు. కొత్త మూలుగ బాగా పనిచేస్తున్నవారిలో, కొన్ని వారాలకోసారి కొంత రక్తం తీయడం ద్వారా ఇనుమును తగ్గిస్తారు. బాల్యమంతా రక్తం ఎక్కించుకున్న చేతి నుంచే ఇప్పుడు రక్తం తీస్తారు. ఈ చికిత్స సాధించిన మార్పును ఇంతకంటే బాగా చూపే దృశ్యం లేదు.

మారేది రక్తం మాత్రమే. అండాలు, వీర్యకణాలు రోగి సొంత జన్యువులనే మోస్తాయి. కాబట్టి పూర్తిగా నయమైన తలసీమియా వ్యక్తికి పుట్టే పిల్లలందరూ కనీసం వాహకులవుతారు. జీవిత భాగస్వామి కూడా వాహకులైతే జబ్బు మళ్లీ రావచ్చు. పెళ్లికి ముందు చేసే పరీక్షలో ఇంకో చిక్కుంది. మార్పిడి జరిగినవారి రక్తాన్ని పరీక్షిస్తే దాత జన్యువు కనిపిస్తుంది, అసలు సంగతి దాగిపోతుంది. ఇక బుసల్ఫాన్ వంటి మందులు సంతాన సామర్థ్యాన్నే దెబ్బతీయవచ్చు. అండాలను, వీర్యాన్ని, యుక్తవయసు రాని బాలికల్లో అండాశయ కణజాలాన్ని ముందే భద్రపరిచే వీలుంది. కానీ ఆ మాట చికిత్సకు ముందే రావాలి.

జన్యు సవరణ వచ్చాక దాత అవసరం తీరిందా?

2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ, క్రిస్పర్ జన్యు సవరణ ఆధారంగా వచ్చిన తొలి చికిత్స. ఇందులో దాత ఉండరు. రోగి మూలకణాలనే బయటకు తీసి, శిశు హీమోగ్లోబిన్ తయారీని ఆపే బీసీఎల్11ఏ అనే జన్యువును నియంత్రించే చోట డీఎన్‌ఏను కత్తిరిస్తారు. పుట్టిన తర్వాత ఆగిపోయిన శిశు హీమోగ్లోబిన్ తయారీ తిరిగి మొదలవుతుంది. కణాలు రోగివే కనుక జీవీహెచ్‌డీ రాదు, రోగనిరోధకతను అణిచే మందులూ అక్కరలేదు. సరిపోలిన తోబుట్టువు లేనివారికి ఇది నిజమైన ప్రత్యామ్నాయం. సరిపోలిన తోబుట్టువున్న చిన్న పిల్లలకు మాత్రం దశాబ్దాల అనుభవం ఉన్న దాత మార్పిడే ముందు వరసలో నిలుస్తోంది.

అయితే ఈ కొత్త చికిత్సలోనూ పాత మూలుగను బుసల్ఫాన్‌తో ఖాళీ చేయించక తప్పడం లేదు. సంతాన సామర్థ్యానికీ కాలేయానికీ ఉన్న ముప్పు అలాగే ఉంది. అందుకే ఇప్పుడు రెండు మార్గాల పరిశోధకులూ ఒకే చోట తవ్వుతున్నారు. మూలకణాల మీద ఉండే సీడీ117 అనే గుర్తును పట్టుకుని, మిగతా శరీరాన్ని చాలావరకు వదిలేసే యాంటీబాడీలను కీమోథెరపీకి బదులుగా వాడి చూస్తున్నారు. ఆ ప్రయోగాలు ముందుగా స్కిడ్, ఫాంకోనీ రోగుల్లో మొదలయ్యాయి. ఎదిరించే టీ కణాలు లేనివారు ఒకరు, కీమోథెరపీని అసలే తట్టుకోలేనివారు మరొకరు.